గడప లేని ఫ్యోర్డు: కాంగ్స్‌ఫ్యోర్డెన్ నీరు, మంచు, ప్రాణులు

సభాధ్యక్షులకు, సభకు విచ్చేసిన పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయే చోటు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. నార్వే ప్రధాన భూభాగానికీ ఉత్తర ధ్రువానికీ దాదాపు నడిమధ్యన స్వాల్‌బార్డ్ అనే ద్వీపసముదాయం ఉంది. అందులో అన్నింటికన్నా పెద్దది స్పిట్స్‌బెర్గెన్ దీవి. ఆ దీవి పడమటి తీరాన, కొండల నడుమ నుంచి భూమిలోకి చొచ్చుకుపోయిన ఒక సముద్రపు పాయ పేరు కాంగ్స్‌ఫ్యోర్డెన్. దాని పొడవు 20 కిలోమీటర్లకు పైచిలుకు, వెడల్పు చోటును బట్టి 4 నుంచి 10 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఉత్తర ధ్రువం సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

ఆర్కిటిక్ అనగానే మన కళ్ల ముందుకు ముందుగా వచ్చేది తెల్ల ఎలుగుబంటి. దాని ప్రస్తావన కూడా తప్పక వస్తుంది, కానీ ఈ ఫ్యోర్డును అర్థం చేసుకోవాలంటే ఎలుగుబంటితో మొదలుపెట్టడం తలకిందుల పని అని నా అభిప్రాయం. అక్కడ ఏ ప్రాణి ఎక్కడ బతుకుతుంది, ఎప్పుడు పిల్లలను కంటుంది, ఏ ఏడాది పస్తులుంటుంది అనే విషయాలన్నీ చివరికి ఒకే ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతాయి. ఆ ఏడాది ఫ్యోర్డులోకి ఏ నీరు వచ్చింది? అందుకే నేను నీటితో మొదలుపెడతాను.

ఫ్యోర్డు అంటే పూర్వం హిమానీనదాలు తొలిచిన లోయలోకి, అవి వెనక్కు తగ్గిన తరువాత, సముద్రం ప్రవేశించగా ఏర్పడిన పాయ. చాలా ఫ్యోర్డులకు ముఖద్వారం దగ్గర నీటి అడుగున ఒక ఎత్తైన గట్టు ఉంటుంది. ఇంటికి గడప ఎలాంటిదో ఫ్యోర్డుకు ఆ గట్టు అలాంటిది. బయటి సముద్రంలోని లోతైన నీరు దాన్ని దాటి తేలికగా లోపలికి రాలేదు. కాంగ్స్‌ఫ్యోర్డెన్‌కు చెప్పుకోదగిన గడప లేదు. పైగా దాని ముఖద్వారం నుంచి ఖండపుటంచు (తీరాన్ని ఆనుకున్న లోతు తక్కువ సముద్రగర్భం ముగిసే చోటు) దాకా సముద్రగర్భంలో ఒక లోతైన కాలువ సాగిపోతుంది. ఉత్తరాన ఉన్న క్రాస్‌ఫ్యోర్డెన్ కూడా ఈ ముఖద్వారాన్నే పంచుకుంటుంది. బయటి భాగంలో లోతు 400 మీటర్ల దాకా ఉంటే, ఫ్యోర్డు లోపల ఉన్న లోవెన్ దీవులు దాటి లోపలి కొసకు వెళ్లేసరికి అది చాలాచోట్ల 100 మీటర్లలోపుకు తగ్గిపోతుంది.

ఆ ముఖద్వారం బయట రెండు రకాల నీళ్లు పక్కపక్కనే ప్రవహిస్తుంటాయి. తీరాన్ని ఆనుకుని ఉత్తరంగా వెళ్లేది చల్లని, ఉప్పదనం కాస్త తక్కువైన ఆర్కిటిక్ నీరు. దానికి ఆవల, ఖండపుటంచు వెంబడి వెళ్లేది వెస్ట్ స్పిట్స్‌బెర్గెన్ ప్రవాహం. అట్లాంటిక్ మహాసముద్రం ఉత్తరానికి పంపే వెచ్చని, ఎక్కువ ఉప్పదనం గల నీటిలో చివరి పాయలలో ఇదొకటి. అంత ఉత్తరాన ఉన్నప్పటికీ స్పిట్స్‌బెర్గెన్ పడమటి తీరం, అదే అక్షాంశం మీద ఉన్న గ్రీన్లాండ్ తూర్పు తీరమంత చల్లగా లేకపోవడానికి ఈ ప్రవాహమే కారణం. రెండు నీళ్ల సాంద్రతలు వేరు కావడంతో వాటి మధ్య ఒక సరిహద్దు ఏర్పడుతుంది. అది గట్టిగా నిలిచిన కాలంలో ఫ్యోర్డు ఆర్కిటిక్ స్వభావంతో ఉంటుంది, సడలినప్పుడు అట్లాంటిక్ నీరు అడుగు కాలువ గుండా నేరుగా లోపలికి వచ్చేస్తుంది. సాధారణంగా ఇది వేసవి నడిమిలోనో చివరిలోనో జరిగేది.

2005-06 శీతాకాలంలో ఆ పద్ధతి తప్పింది. ఉత్తరపు గాలులు చాలాకాలం ఎడతెగకుండా వీచి పై నీటిని తీరం నుంచి బయటికి నెట్టగా, ఆ ఖాళీని పూరించడానికి అడుగు నుంచి అట్లాంటిక్ నీరు నడిశీతాకాలంలోనే ఫ్యోర్డులోకి ప్రవేశించింది. సముద్రపు నీరు గడ్డకట్టాలంటే దాదాపు మైనస్ 1.9 డిగ్రీలకు చల్లబడాలి. వెచ్చని నీరు లోపల ఉన్నంతకాలం అది సాధ్యం కాదు. అంతకుముందు లోపలి ఫ్యోర్డంతా శీతాకాలంలో గడ్డకట్టి, వసంతం దాకా మనుషులు నడవగలిగేటంత గట్టిగా ఉండేది. 2006 తరువాత ఆ మంచు చాలా ఏళ్లలో పలచగా, కొద్ది మేరకే ఏర్పడుతూ వచ్చింది. గాలి కూడా వెచ్చబడుతున్న మాట నిజమే. ఆ ప్రాంతంలో శీతాకాలపు సగటు ఉష్ణోగ్రత 1990ల నుంచి రెండు దశాబ్దాల పాటు, దశాబ్దానికి సుమారు 3 డిగ్రీల చొప్పున పెరిగినట్టు కొలతలు చెబుతున్నాయి. అయినప్పటికీ ఈ ఫ్యోర్డు విషయంలో సముద్రపు మంచును దెబ్బతీసిన మొదటి చేయి కిందినుంచి వచ్చిందన్న సంగతి మరువకూడదు.

ఇక్కడ రెండు మంచుల తేడా చెప్పి ముందుకు వెళతాను. సముద్రపు మంచు అంటే ఉప్పునీరు గడ్డకట్టినది. ఈ ఫ్యోర్డులో అది ఒక శీతాకాలంలో పుట్టి వేసవికి కరిగిపోతుంది. హిమానీనదం అంటే వందల ఏళ్లుగా నేలమీద కురిసిన మంచు పేరుకుని, బరువుకు గట్టిపడి, మెల్లగా పల్లానికి జారే మంచుగడ్డల నది. స్వాల్‌బార్డ్ నేలలో సగానికి పైగా హిమానీనదాల కిందే ఉంది.

కాంగ్స్‌ఫ్యోర్డెన్ తూర్పు కొసన క్రోనెబ్రీన్, కాంగ్స్‌వేగెన్, కాంగ్స్‌బ్రీన్ అనే హిమానీనదాలు సముద్రంలోకి దిగుతాయి. వీటిలో క్రోనెబ్రీన్ స్వాల్‌బార్డ్‌లో అత్యంత వేగంగా కదిలే వాటిలో ఒకటి. వేసవిలో దాని ముఖం దగ్గర మంచు రోజుకు రెండు మీటర్లకు పైగా ముందుకు జరుగుతుంది, జరిగినదానికన్నా ఎక్కువ విరిగి నీళ్లలో పడుతుంది. దాని పక్కనే ఉన్న కాంగ్స్‌వేగెన్ 1948 ప్రాంతంలో ఒక్కసారిగా ఉరికి ముందుకు వచ్చి, ఆ తరువాత దశాబ్దాల తరబడి దాదాపు కదలకుండా ఉండిపోయింది. వాటి వెనుక వెయ్యి మీటర్లకు పైగా ఎత్తున్న మూడు శిఖరాలు పిరమిడ్ల ఆకారంలో నిలబడి కనిపిస్తాయి. వాటిని ట్రె క్రోనర్ అంటారు. ఆ వైపు నేలలో డెవోనియన్ యుగపు, అంటే సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి, ఎర్ర ఇసుకరాయి ఉంది. హిమానీనదం దాన్ని అరగదీసి పిండి చేస్తుంది, కరిగిన నీరు ఆ పిండిని మోసుకొస్తుంది, దానితో ఫ్యోర్డు కొస వేసవిలో ఎర్రమట్టి రంగు పూసుకుంటుంది. ఆర్కిటిక్ అంటే తెలుపూ నీలమూ మాత్రమే అనుకునేవారిని ఆ ఎరుపు ఆశ్చర్యపరుస్తుంది.

ఫ్యోర్డు ఉత్తర తీరాన ఉన్న బ్లోమ్‌స్ట్రాండ్ కథ చిత్రమైనది. పాత పటాలలో అది ద్వీపకల్పం. దాన్ని నేలతో కలిపి ఉంచినది రాయి కాదు, బ్లోమ్‌స్ట్రాండ్‌బ్రీన్ అనే హిమానీనదం అని 1990లలో తేలింది. మంచు వెనక్కు తగ్గగానే నడుమ సముద్రం బయటపడి అది దీవి అయింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఎర్నెస్ట్ మాన్స్‌ఫీల్డ్ అనే ఆంగ్లేయుడు అక్కడి చలువరాతిని చూసి గొప్ప ఐశ్వర్యం దొరికిందని నమ్మి, గని తెరిపించి, యంత్రాలు దించాడు. తరతరాల గడ్డకట్టుడుకూ కరుగుడుకూ లోలోపల బీటలు వారిన ఆ రాయి వ్యాపారానికి పనికిరాలేదు. ఆ తుప్పుపట్టిన యంత్రాలు నేటికీ తీరాన ఉన్నాయి.

ఇప్పుడు ప్రాణుల దగ్గరికి వద్దాం. హిమానీనదం కరిగిన నీరు చాలావరకు పైనుంచి జలపాతంలా దూకదు. మంచు కింద సొరంగాల గుండా ప్రవహించి, సముద్రంలో పదుల మీటర్ల లోతున బయటపడుతుంది. అది మంచినీరు కాబట్టి ఉప్పునీటికన్నా తేలిక. వెంటనే మహావేగంతో పైకి లేస్తుంది. లేచేటప్పుడు చుట్టూ ఉన్న సముద్రపు నీటిని, అందులో తేలుతూ బతికే సూక్ష్మ జంతుప్లవకాలను, చిన్న చేపలను కూడా ఈడ్చుకొస్తుంది. ఉప్పదనం హఠాత్తుగా మారడంతో ఆ జీవులలో చాలా వరకు స్పృహ తప్పడమో చనిపోవడమో జరుగుతుంది. కిట్టివేక్ అనే గల్ జాతి పక్షి నీటిలో లోతుకు మునగలేదు. పైపొరలో దొరికినదే దాని తిండి. లోతులో ఉండాల్సిన ఆహారాన్ని హిమానీనదమే పైకి తెచ్చి పరిచే ఆ గోధుమరంగు పొంగునీటి మీద కిట్టివేకులు వందల సంఖ్యలో వాలుతాయి. సీల్ జంతువులు, తెల్లని బెలూగా తిమింగలాలు కూడా హిమానీనదాల ముఖాల వెంట మేత వెతుక్కుంటాయి. మంచుగోడ విరిగిపడే చోట, పడవలు దూరంగా ఉండాల్సిన చోట, ప్రాణులు ఇంత గుమిగూడడానికి కారణం ఈ అడుగునీటి ఊటే.

ఆ పైకి వచ్చే తిండి ఏమిటన్నది ఫ్యోర్డులోకి వచ్చిన నీటిని బట్టి ఉంటుంది. ఆర్కిటిక్ నీటితో కలనస్ గ్లేసియాలిస్ అనే కోపెపాడ్ వస్తుంది. రొయ్యలకు దూరపు చుట్టమైన ఈ జీవి పొడవు కొన్ని మిల్లీమీటర్లే; కానీ దాని ఒంట్లో కొవ్వు నిండుగా ఉంటుంది. అట్లాంటిక్ నీటితో వచ్చేది కలనస్ ఫిన్‌మార్కికస్. చూపుకు రెండూ ఒకేలా ఉన్నా రెండోది చిన్నది, దానిలో కొవ్వు చాలా తక్కువ. లిటిల్ ఆక్ అనే చిన్న నల్లతెల్ల పక్షి తన గొంతు సంచిలో వీటిని నింపుకుని గూటిలోని పిల్లకు తెస్తుంది. దొరికే కోపెపాడ్ చిన్నదైతే అదే బలానికి మరెన్నో పట్టాలి, మరెన్నో సార్లు ఎగరాలి. చేపల్లోనూ ఇదే మార్పు. కిట్టివేకులు పిల్లలకు తెచ్చే మేతలో ఒకప్పుడు మంచు కింద పెరిగే పోలార్ కాడ్ ప్రధానంగా ఉండగా, 2006 తరువాతి ఏళ్లలో కాపెలిన్, హెర్రింగ్ వంటి దక్షిణపు చేపలు వచ్చి చేరాయి. కిట్టివేకు వాటితో సర్దుకోగలిగింది. కొవ్వు కోపెపాడ్‌లకు అలవాటుపడ్డ లిటిల్ ఆక్‌కు అంత వెసులుబాటు లేదు. అందుచేత ‘ఆర్కిటిక్ పక్షులు నశిస్తున్నాయి’ అని ఒక్క మాటలో చెప్పడం సరికాదు. ఏ పక్షి, ఏ మేత అని విడదీసి అడగాలి.

రింగ్డ్ సీల్ సంగతి మరింత కఠినం. ఆడ సీల్ వసంతంలో సముద్రపు మంచు మీద పేరుకున్న మెత్తని మంచులో గుహ తొలుచుకుని, అందులో పిల్లను ఈని, ఆరు వారాల దాకా పాలిచ్చి పెంచుతుంది. ఆ గుహకు కావలసిన మంచు దిబ్బ చదునైన సముద్రపు మంచు మీద ఏర్పడదు. హిమానీనదం నుంచి విరిగిన గడ్డలు శరత్కాలంలో సముద్రపు మంచులో చిక్కుకుని గట్టిపడితే, గాలికి కొట్టుకొచ్చే మంచు వాటి వాలున పోగుపడుతుంది. అంటే సీల్ పిల్లకు ఇల్లు కావాలంటే నేల మంచు, సముద్రపు మంచు, ఆకాశం నుంచి పడే మంచు మూడూ సకాలంలో కలవాలి. సముద్రం ఆలస్యంగా గడ్డకడితే మంచు కురిసినా నిలిచే చోటు ఉండదు. గుహ లేని పిల్ల బయట పడుకుని ఎలుగుబంటికి, నక్కకు, చివరికి పెద్ద గల్ పక్షులకు కూడా దొరికిపోతుంది.

ఇక ఎలుగుబంటి. సముద్రపు మంచు మీద సీల్‌ను వేటాడడం దాని ప్రధాన వృత్తి. ఆ మంచు త్వరగా పోయిన ఏళ్లలో అది తీరానికి చేరి, ఈదుకుంటూ లోవెన్ దీవులకు వెళ్లి, గూళ్లలోని గుడ్లు తింటుంది. ఆ దీవులలో ఈడర్ బాతులు, బార్నకిల్ గూస్‌లు గుడ్లు పెడతాయి. దీవుల చుట్టూ మంచు ఉన్నన్నాళ్లూ నక్కలు నడిచి వెళ్లగలవు కనుక, ఈడర్‌లు మంచు విడిపోయి నీరు కందకంలా ఏర్పడేదాకా ఆగి గూడు కట్టుకునేవి. మంచు తగ్గడం వల్ల నక్కల బెడద తగ్గింది. దాని స్థానంలో ఈత వచ్చిన శత్రువు వచ్చింది. బార్నకిల్ గూస్‌లకు మరో కథ ఉంది. చలికాలం ఇవి స్కాట్లాండ్, ఇంగ్లండ్‌ల సరిహద్దున ఉన్న సాల్వే అఖాతపు పచ్చికలలో గడుపుతాయి. 1940లలో అక్కడ కొన్ని వందలకు పడిపోయిన ఈ మంద, వేట నిషేధం వల్ల 30,000 దాటింది. అలా పెరిగిన గుంపుల్లో కొన్ని 1980ల నుంచి కాంగ్స్‌ఫ్యోర్డెన్‌లో స్థిరపడి, ఇప్పుడు అక్కడి గ్రామపు ఇళ్ల మధ్యనే పిల్లలను మేపుకుంటున్నాయి.

నేల మీది పెద్ద జంతువు రెయిన్‌డీర్. పొట్టి కాళ్లు, గుండ్రని ఒళ్లు గల స్వాల్‌బార్డ్ రెయిన్‌డీర్ ప్రత్యేకమైన ఉపజాతి. వేటవల్ల ఈ ప్రాంతంలో పూర్తిగా అంతరించిపోయింది. 1925లో చట్టరక్షణ లభించినా తనంతట తాను తిరిగి రాలేదు. 1978లో ఫ్యోర్డు దక్షిణాన ఉన్న బ్రోగర్ ద్వీపకల్పంలో కొన్నింటిని తెచ్చి వదిలితే, నిలదొక్కుకున్నవి 12. తినే జంతువు దశాబ్దాలుగా లేకపోవడంతో అక్కడ లైకెన్ అనే, నాచులా నేలను పట్టి పెరిగే మేత దట్టంగా పెరిగి ఉంది. ఆ మేత మీద మంద 1993 నాటికి దాదాపు 360కి చేరింది. మరుసటి శీతాకాలంలో మంచు మీద వాన కురిసి, ఆ నీరు నేలను పట్టి గాజు పొరలా గడ్డకట్టింది. గిట్టలతో తవ్వి మేసే జంతువుకు మంచు అడ్డం కాదు, ఆ గట్టి పొర అడ్డం. కొన్ని చచ్చిపోగా, కొన్ని పక్క మైదానాలకు వలసపోగా, 1994లో మిగిలినవి వందకు లోపే. చలి ఎక్కువై కాదు, చలి తగ్గి వాన పడినందుకు అవి చచ్చాయన్నది గమనించండి.

నీటి అడుగున అడవి కూడా ఉంది. బ్లోమ్‌స్ట్రాండ్ పడమటి తీరాన హాన్స్‌నేసెట్ దగ్గర కెల్ప్ అనే పెద్ద గోధుమరంగు సముద్రపు నాచు రాళ్లను పట్టుకుని పెరుగుతుంది. 1996-98లోనూ, తిరిగి 2012-14లోనూ శాస్త్రజ్ఞులు అదే చోట దాన్ని కోసి తూచారు. రెండున్నర మీటర్ల లోతున కెల్ప్ బరువు ఎనిమిది రెట్లు పెరిగింది, ఎందుకంటే రాళ్లను గీకి శుభ్రం చేసే మంచుగడ్డలు తగ్గాయి. లోతు నీటిలో మాత్రం కెల్ప్ హద్దు పైకి జరిగింది. హిమానీనదాలు తెచ్చే బురద నీరు వెలుతురును అడ్డగించడం దానికి కారణమై ఉంటుందని భావిస్తున్నారు.

మనుషుల విషయం కొంత క్లుప్తంగా చెబుతాను. దక్షిణ తీరాన ఉన్న నీ-ఆలెసుండ్ 1916-17లో బొగ్గు గనుల ఊరుగా మొదలైంది. 1926 మే నెలలో ధ్రువయాత్రికులు అముండ్‌సెన్, ఎల్స్‌వర్త్, నోబిలే ప్రయాణించిన నోర్గె ఆకాశనౌక ఇక్కడి నుంచే బయలుదేరి, ధ్రువం మీదుగా అలాస్కా చేరింది. దాన్ని కట్టిన ఇనుప స్తంభం నేటికీ నిలబడే ఉంది. 1962 నవంబరులో గనిలో జరిగిన పేలుడులో 21 మంది చనిపోయిన తరువాత, మరుసటి ఏడాది గనులు మూతపడ్డాయి. ఇప్పుడది పూర్తిగా పరిశోధన గ్రామం. శీతాకాలంలో అక్కడ ఉండేవారు 30-40 మందికి మించరు. అక్కడి భూమాపన అంటెన్నాలకు ఆటంకం కలగకుండా వైఫై, బ్లూటూత్ నిషేధించారు.

స్వాల్‌బార్డ్ మీద నార్వే అధికారాన్ని గుర్తించిన 1920 నాటి స్పిట్స్‌బెర్గెన్ ఒప్పందంలో నాటి బ్రిటిష్ ఇండియా కూడా భాగస్వామి. 2008 జూలై 1న మన దేశం అక్కడ హిమాద్రి పరిశోధన కేంద్రాన్ని తెరిచింది. 2014 జూలైలో ఫ్యోర్డులో 192 మీటర్ల లోతున ఇండార్క్ అనే పరికరాల వరుసను లంగరు వేసి దించారు. దాని రూపకల్పన చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థది; మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం) కూడా ఆ కృషిలో పాలుపంచుకుంది. ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఆర్కిటిక్ మంచుకూ మన రుతుపవనాలకూ సంబంధం ఉండవచ్చునని పరిశోధనలు సాగుతున్నాయి, సాగాలి కూడా. కానీ ఆ ఫ్యోర్డులో మంచు తగ్గిందని విన్న మర్నాడే మన ఊరి వానకు ముడిపెట్టే వార్తలను నేను నమ్మను. ఇండార్క్ విలువ జోస్యంలో లేదు. మనిషి వెళ్లలేని నెలల్లో కూడా నీటి వేడిని, ఉప్పదనాన్ని తప్పకుండా రాసిపెట్టడంలో ఉంది.

ఆ నెలలు ఎలాంటివంటే, అక్టోబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి మూడో వారం దాకా అక్కడ సూర్యుడు దిగంతం పైకి రాడు. ఆ చీకటిలో ఫ్యోర్డు నిద్రపోతుందని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. గత పదిహేనేళ్లలో జనవరి నెలల్లో జరిగిన పరిశోధనలు ఆ అభిప్రాయాన్ని మార్చాయి. చేపల కడుపులు నిండుగా ఉన్నాయి. గవ్వజాతి స్కాలప్‌లు తెరుచుకుంటూ మూసుకుంటూ పెరుగుతున్నాయి. చీకటిలో పక్షులు మేత వెతుకుతున్నాయి. రొయ్యలను పోలిన క్రిల్ వంటి జీవులు తమ వెలుగును తామే పుట్టిస్తున్నాయి. ధ్రువ రాత్రిలో పున్నమి చంద్రుడు కొన్ని రోజులపాటు అస్తమించకుండా ఆకాశంలోనే తిరుగుతాడు. ఆ రోజుల్లో జంతుప్లవకాలు, వెన్నెలలో వేటాడే చేపల కంటబడకుండా, సుమారు 50 మీటర్ల లోతుకు దిగిపోతాయి. సూర్యుడు లేనప్పుడు వాటి దినచర్యను చంద్రుడు నడుపుతున్నాడు. భారతదేశం 2023 డిసెంబరులో హిమాద్రికి మొట్టమొదటి శీతాకాల బృందాన్ని పంపడానికి ఇలాంటి కొత్త ఎరుక కూడా నేపథ్యమని నేను అనుకుంటాను.

చివరిగా, తేలని లెక్క ఒకటి మీ ముందు ఉంచుతాను. హిమానీనదాలు కరిగే కొద్దీ నేడు వాటి ముఖాల దగ్గర ఊట బలపడి, కిట్టివేకులకు, సీళ్లకు మేత పైకి వస్తోంది. కానీ క్రోనెబ్రీన్ ఇలాగే వెనక్కు తగ్గుతూ ఒకనాటికి నేల మీదికి చేరితే, దాని నీరు సముద్రంలో లోతున కాక ఒడ్డున వాగుగా వచ్చి కలుస్తుంది. అప్పుడు ఆ నీరు బురదను తెస్తుంది గానీ అడుగునుంచి దేన్నీ పైకి తేలేదు. సీల్ గుహకు కావలసిన విరిగిన మంచుగడ్డలూ ఉండవు. బ్లోమ్‌స్ట్రాండ్‌బ్రీన్ చాలావరకు నేల మీదికి తగ్గిన తరువాత అక్కడ మేసే పక్షుల తీరు ఎలా మారుతోందో పక్కనే పెట్టి చూడడం ఈ ప్రశ్నకు తేలికైన మార్గం అని నా ఉద్దేశం. ఇక మీ ప్రశ్నలు వింటాను.